రాసివ్వాల్సిన జవాబు

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది మీ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్ళు. వానలు పడని ఏళ్ళలో కూడా మీ ఫీజు ఎక్కడినుంచో తెచ్చి కట్టినవాళ్ళు వెనక వరుసల్లో కూర్చున్నారు. ఆ డబ్బు ఎంత వడ్డీకి పుట్టిందో మీలో కొందరికి బాగా తెలుసు. అందుకే ఇవాళ వడ్డీ గురించి మాట్లాడతాను, ఈ ప్రాంతాన్ని వదలని నేరం గురించీ మాట్లాడతాను. ఈ రెండింటికీ ప్రజలకు జవాబు చెప్పాల్సింది ఎవరన్నదే నా ప్రశ్న.

కంబదూరు లాంటి ఊళ్ళలో వడ్డీ లెక్క శాతాల్లో ఉండదు. రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటాం. నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. అదే చెనక్కాయ పంటకు, 3 లక్షల లోపు బ్యాంకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. భూమి పాసుపుస్తకం ఉన్నవాడికి ఒక రేటు, కౌలుకు చేసేవాడికి ఇంకో రేటు.

నేను ఈ అనంతపురం జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేశాను. జూన్ నెలలో, విత్తనం వేసే ముందు, బంగారం కుదువ పెట్టే కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు వరుసకట్టేవారు. ఒకామె కమ్మలు తీసి ఇస్తే అప్రైజర్ గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, రాళ్ళ బరువు తీసేసి తూకం చెప్పేవాడు. చెవి పూడిపోకుండా ఆమె చీపురుపుల్ల ముక్క పెట్టుకుని, డబ్బు కొంగున ముడివేసుకుని వెళ్ళేది. రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీది రెపో రేటు పావు శాతం తగ్గించిందన్న వార్తకు ఆమె బతుకులో చోటెక్కడుందని నాకు చాలాసార్లు అనిపించేది.

చోటు ఉంది. అది ధరల్లో ఉంది. కూలి సంగతే చూడండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకం కూలి రేటును ఏడాదికోసారి, ఏప్రిల్‌లో సవరిస్తూ వచ్చారు. జూన్‌లో నూనె, కందిపప్పు ధరలు పెరిగితే మరుసటి ఏప్రిల్ దాకా ఆ భారమంతా కూలి మనిషే మొయ్యాలి. ధరలు అదుపు తప్పితే అందరికన్నా ముందు పస్తుండేది ఆ ఇల్లే. ధరలను అదుపు చేయడానికి రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు పెంచితే పరిశ్రమలకు కష్టమని పట్నంలో గట్టిగా వినిపిస్తుంది. ధర పెరిగితే కూలి ఇంటికి కష్టమన్న మాట అంత గట్టిగా వినిపించదు.

ఆ రేటు నిర్ణయించే కుర్చీలో మన తెలుగువాళ్ళూ కూర్చున్నారు. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న వై.వి. రెడ్డి గారిది పక్కనున్న కడప జిల్లా. ఆయన తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు గారు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు రేటు పెంచారు. రెపో 4.75 నుంచి 8.5 శాతానికి చేరింది. 2012 అక్టోబరులో ఆయన రేటు తగ్గించకపోయేసరికి, వృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగానైనా నడుస్తుందని అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం బహిరంగంగానే అన్నారు. ఎవరిది తప్పో తేల్చే కొలబద్ద అప్పట్లో చట్టంలో లేదు.

2016లో రిజర్వ్ బ్యాంకు చట్టం మార్చారు. ద్రవ్యోల్బణం 4 శాతం ఉండాలి, అటూ ఇటూ 2 శాతం దాకా ఫరవాలేదు. రేటు నిర్ణయించడానికి ఆరుగురు సభ్యుల కమిటీ వేశారు. వరసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వానికి రాసివ్వాలి: ఎందుకు తప్పింది, ఏం చేస్తారు, ఎన్నాళ్ళలో దారికి వస్తుంది. 2022లో సరిగ్గా అదే జరిగింది. నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా సమావేశమైంది, రిజర్వ్ బ్యాంకు ఉత్తరం పంపింది. కానీ దాన్ని ప్రజలకు చూపలేదు. బయటపెట్టాలన్న నిబంధన చట్టంలో లేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఇది నాకు మింగుడు పడదు. ధర కట్టింది మనం, సంజాయిషీ మాత్రం మన కంట పడకూడదా?

ఇక నేరం. 2005 జనవరి 24న అనంతపురంలో, పట్టపగలు, పార్టీ ఆఫీసు దగ్గరే ఎమ్మెల్యే పరిటాల రవి హత్యకు గురయ్యారు. ఆయన ఊరున్న రామగిరి మండలం మనకు దూరమేమీ కాదు. ఆ కేసులో ప్రధాన నిందితుల్లో ఒకడు 2008లో అనంతపురం జైల్లోనే హతమయ్యాడు. జైలు ప్రభుత్వానిది, తాళం చెవి ప్రభుత్వానిది. పేపర్లకెక్కని చావులు ఈ ప్రాంతంలో ఇంకెన్నో. ఏ పార్టీ ఏలినా, ఎందుకిలా జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఎప్పటికి ఏం చేస్తారో రాసిచ్చి తీరాలని ఏ హోం మంత్రినీ కట్టిపడేసే సెక్షన్ లేదు. కందిపప్పు ధరకు ఉన్న సెక్షన్ మనిషి ప్రాణానికి లేదు.

అలాంటి సెక్షన్ తేవడం తేలిక కాదని నాకు తెలుసు. ధరలను గణాంక శాఖవాళ్ళు బజారుకు వెళ్ళి స్వయంగా రాసుకుంటారు. నేరాల లెక్క పోలీస్ స్టేషన్ పుస్తకంలోంచి వస్తుంది. కేసులు పెరిగితే మంత్రికి చిక్కు అని తెలిసిన రోజున స్టేషన్‌లో కేసు రాయడమే మానేస్తారు. ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పాక కూడా ఫిర్యాదుదారులను తిప్పి పంపుతున్నారు. కాబట్టి ఎన్ని కేసులు నమోదయ్యాయన్నది కొలతగా పనికిరాదు. నమోదైన వాటిలో ఎన్నిటికి చార్జిషీటు పడింది, ఎన్ని రుజువయ్యాయి, సాక్షులు ఎందుకు ఎదురు తిరిగారు — ఇవీ అడగాల్సినవి.

వడ్డీ, నేరం ఒకే గుమ్మంలో నిలబడడం కూడా మన రాష్ట్రం చూసింది. 2010లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు కిస్తీ కోసం ఇళ్ళ ముందు కూర్చుని పరువు తీస్తే, ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. రిజర్వ్ బ్యాంకు మాలెగాం కమిటీ వేస్తే, అది 24 శాతం వడ్డీ పరిమితి సిఫార్సు చేసింది. ఆ సంస్థల అప్పు ఆగింది, వసూలు ఆగింది, అవసరం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు పెట్టిన వడ్డీ పరిమితులను కూడా 2022 ఏప్రిల్ నుంచి ఎత్తేశారు. ఇప్పుడు లోన్ యాప్‌లు మీ ఫోన్లోకే వచ్చి, ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నాయి. అలా ఎవరైనా చిక్కుకుంటే ఇంట్లో చెప్పండి, స్టేషన్‌కు వెళ్ళండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

మన చేతిలో కొన్ని సాధనాలు ఉన్నాయి. ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ ఫారం 26లో తన మీదున్న కేసులు, అప్పులు, ఆస్తులు ప్రమాణం చేసి రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. కేసులున్న మనిషికి టికెట్టు ఎందుకిచ్చారో, గెలుస్తాడన్న కారణం చాలదని, పార్టీలు ప్రజలకు చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ అమ్మానాన్నలకు ఆ కాగితం చదివి వినిపించగలిగిన మనిషి ఇప్పుడు ఇంట్లో ఉన్నారు. పార్టీ ఏదైనా సరే, రచ్చబండ దగ్గర గట్టిగా చదవండి.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో హోం శాఖ పద్దు సభ ముందుకు వస్తుంది. ఈ మండలంలో గడిచిన మూడేళ్ళ కేసులు ఏమయ్యాయో, కౌలు రైతుల్లో ఎందరికి బ్యాంకు అప్పు దొరికిందో సభలో అడగమని మీ ఎమ్మెల్యే గారికి అర్జీ రాయండి. రిజర్వ్ బ్యాంకు రాసే ఆ ఉత్తరం బయటపెట్టేలా చట్టం సవరించమని మీ ఎంపీ గారికి ఇంకొకటి రాయండి. కింద మీ పేర్లు, ఈ రోజు వచ్చిన డిగ్రీలు రాసి సంతకాలు పెట్టండి. రసీదు అడిగి తీసుకోండి.