పొయ్యి పొగ, కొట్టం ఘాటు
(మల్కాజ్‌గిరి సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, కరెంటు గురించి ప్రతి నెలా మాట్లాడుకుంటాం. ఈసారి కళ్ల గురించి.

తార్నాకలో గది తీసుకుని ఉస్మానియాలో చదివే మన పిల్లలు సంక్రాంతికి ఊరొస్తే పొయ్యి దగ్గర ఐదు నిమిషాలు కూర్చోలేరు. వాళ్లమ్మ రోజూ కూర్చుంటుంది. 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ వచ్చింది. కానీ ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. అందుకే స్నానాల నీళ్లు ఇంకా పత్తికట్టె మీదే కాగుతున్నాయి. రాయితీ మినహాయించుకునే సిలిండర్ ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి. అంతదాకా నీళ్ల పొయ్యి వాకిట్లోకి మారుద్దాం, దానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇక కొట్టం. చలని నాలుగు వైపులా గోనెపట్టాలు బిగిస్తాం. లోపల మూత్రపు తడి నుంచి అమ్మోనియా లేస్తుంది. తెల్లారి అడుగు పెట్టగానే మనకే కళ్లు మండితే, రాత్రంతా ఆ తడి మీద పడుకున్న దూడ సంగతేంటి? చూరు కింద జానెడు ఖాళీ వదలండి. అమ్మోనియా గాలి కన్నా తేలిక, పైనుంచి పోతుంది. తడిగడ్డి రోజూ తీయాలి. తీయకుండా సున్నం చల్లితే ఘాటు పెరుగుతుంది. దోమలకు వేపాకు పొగ వేసేటప్పుడు పశువులను బయట కట్టండి.

కంటి నుంచి నీరు కారుతుంటే పొగాకు రసం పిండొద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో కడగండి. తెల్లపొర కనిపిస్తే 1962కి ఫోన్ చేయండి. మనుషులూ అంతే, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీది పుండు ముదురుతుంది. కోతల్లో వరి ఆకు తగిలిన కన్నయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి.