తొలి అయిదు నిమిషములు

గోదావరి డెల్టాలో పని యనగా చాలవరకు నీటితోడి పని. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ సీమలో కాలువ పారని ఊరు అరుదైనది. వరిచేనికి నీరు కావలెను. రొయ్యల చెరువునకు నీరు కావలెను. సఖినేటిపల్లినుండి నర్సాపురము చేరుటకు పంటుమీద గోదావరి దాటవలెను. ఆ నీటి ప్రక్కనే నేడు విద్యుత్తు వచ్చి నిలిచినది. చెరువులలో ఏరేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుచున్నవి. బియ్యపు మిల్లులు మోటార్లతో నడచుచున్నవి. కొబ్బరితోటల మీదుగా తీగలు సాగుచున్నవి. వీని నడుమ బ్రదుకుతెరువు చూచుకొను కార్మికునకు ఆపద ఎప్పుడు వచ్చునో చెప్పలేము. వచ్చినపుడు అతని ప్రక్కన ఎవరుందురో మాత్రము చెప్పగలము. ఉండువాడు తోటి పనివాడు. అతనికి ప్రథమ చికిత్స తెలిసియుండుట ఎంత అవసరమో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

గుండె ఆగిన మనిషి మెదడునకు రక్తము అందదు. నాలుగైదు నిమిషములు గడచినచో మెదడు చెడుట ఆరంభించును. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనములు ఎందరి ప్రాణములనో నిలిపినవి. అయినను ఏటి నడుమ లంకకు, బురదగట్టు తప్ప వేరు దారిలేని చెరువునకు ఏ వాహనమును అంతలో చేరజాలదు. ఆ వ్యవధిని పూరింపవలసినవి చేరువనున్న చేతులే.

ఇందుకు గోదావరియే సాక్ష్యము పలికినది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న విహారపు పడవ కచ్చులూరు వద్ద మునిగినది. పెక్కుమంది మరణించిరి. బ్రతికి బయటపడినవారిని మొదట అందుకొన్నవి సమీప గ్రామవాసుల చిన్న పడవలు. రక్షణదళములు దూరమునుండి రావలసియుండగా, ఒడ్డున ఉన్నవారు ఏటిలో ఉన్నవారిని ఆదుకొనిరి. కొండల నడుమ జరిగినదే డెల్టాలోని ప్రతి రేవునకును వర్తించును.

అయితే నీటినుండి తీసిన తరువాత ఏమి చేయవలెను? మన పల్లెలలో కొందరు మునిగినవానిని తలక్రిందులుగా పట్టుకొందురు. పొట్ట నొక్కి నీరు కక్కింపజూతురు. ఇందువలన విలువైన కాలము పోవును. పొట్టలోనిది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కూడ కలదు. మునిగినవానికి కరవైనది గాలి. ఊపిరి లేనిచో తల వెనుకకు వంచి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుపెట్టి ముందుగా శ్వాస ఊదవలెను. పిదప ఎద నొక్కవలెను.

ఎదను నొక్కి రక్తమును నడపవచ్చునని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 1960లో ప్రకటించిరి. నేడు సి.పి.ఆర్. అని పిలువబడు పద్ధతికి అది పునాది. నేర్చుకొనుట కష్టము కాదు. మనిషిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, ఎదయెముక దిగువ సగముపై అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక నొక్కవలెను. పెద్దవారికి లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు, 6 దాటరాదు. వేగము నిమిషమునకు 100 నుండి 120. నొక్కిన ప్రతిసారి ఎద మరల పూర్తిగా పైకి లేవనీయవలెను. 30 నొక్కుళ్ళకు 2 శ్వాసలు. నొక్కువాడు అలసిపోవును గనుక రెండు నిమిషములకొకసారి మనిషి మారవలెను. అందుచేతనే ఒక్కనికి నేర్పిన చాలదు. ప్రతి వంతులో ఇద్దరైనను నేర్చినవారుండవలెను.

విద్యుత్తు తగిలినచోట మొదటి పని పరుగెత్తి పట్టుకొనుట కాదు, స్విచ్చి కట్టివేయుట. పట్టుకొన్నవాడును ప్రాణము పోగొట్టుకొనుట చెరువుగట్ల మీద వినని సంగతి కాదు. స్విచ్చి అందనిచో పొడినేలపై నిలిచి, పొడికర్రతో తీగను తప్పింపవలెను. పెద్ద తీగలైనచో సరఫరా నిలుచువరకు దరికి పోరాదు. కాళ్ళుచేతులు రుద్దుట, స్పృహ లేనివాని నోట నీరు పోయుట మానవలెను. ఊపిరి ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో ఎద నొక్కవలెను. కొబ్బరి దింపు తీయుచు చెట్టుపైనుండి పడినవానిని భుజములు, కాళ్ళు పట్టి ఎత్తరాదు. వెన్నెముక విరిగియుండవచ్చును. మెడ కదలకుండ నిలిపి, పలకమీద మోయవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రతి 150 మంది పనివారికి ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెనని విధించెను. అంతటితో ఆగలేదు, ఆ చికిత్సలో యోగ్యతాపత్రము పొందినవారు దానికి బాధ్యులై పనివేళలందు అందుబాటులో ఉండవలెననెను. శాసనకర్తలు పెట్టెతోపాటు మనిషిని కోరిరి. మన వాడుకలో పెట్టె గోడకు మిగిలినది, తాళపుచెవి గుమాస్తా జేబులో చేరినది, మనిషి సంగతి మరుగునపడినది. చెరువుగట్టు, కొబ్బరితోట ఆ చట్టపు లెక్కలోనికే రాలేదు.

యజమానులు ఒక మాట అనవచ్చును: శిక్షణకు పనివారిని పంపినచో ఆ పూట కూలి ఎవరిత్తురు? తామే ఈయవలెనని మా మనవి. ఎద నొక్కుట, శ్వాస ఊదుట అభ్యసించుటకు ఒక పూట చాలును. మోటారు కాలినచో కొత్తది కొనవచ్చును. పదియేండ్లు మిల్లులో పనిచేసిన ముఠా కూలీ లేని లోటు అతని యింట తీరదు. భారత రెడ్‌క్రాస్ సంఘము, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ఈ విద్యను చాలకాలముగా నేర్పుచున్నవి. మిల్లుల సంఘములు, రేవుల పాటదారులు, రొయ్యల రైతులు కలసి అడిగినచో తరగతులు జరుపుకొనవచ్చును.

పనివారికిని ఒక జంకు కలదు. తాకినచో కేసు మెడకు చుట్టుకొనునని భయము. రహదారి ప్రమాదములలో సాయపడినవారిని వేధింపరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గసూత్రములను ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ, సద్భావముతో తోడ్పడినవారికి రక్షణ కల్పించినది.

ఈ మాటలు విన్నంతమాత్రమున చేయి తిరుగదు. ఈత పుస్తకమువలన రానట్లే ఇదియును శిక్షకుని ఎదుట, బొమ్మపై నొక్కి నొక్కి నేర్వవలసినది. సార్వా కోతలు ముగిసి, ధాన్యము మిల్లులకు చేరు రద్దీ రాకమునుపే ప్రతి పనిచోటును ఇద్దరిని ఎన్నుకొని పంపవలెనని యజమానులను కోరుచున్నాము. ఆ ఇద్దరి పేర్లను పెట్టె ప్రక్కనే గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పెట్టెకు తాళము మాత్రము వేయకుడు.