గాయం కన్నా ముందే చేరుకోండి

సామాజిక సేవ, శిశు వికాసం, నర్సింగ్, ప్రజారోగ్యం విభాగాల్లో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

నేను పిల్లల డాక్టర్ని. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఎమర్జెన్సీ వార్డులోనే గడిచింది. అక్కడ మళ్లీ మళ్లీ చూసిన ఒక దృశ్యం మీకు చెబుతాను. మంచినీళ్ల సీసాలో పోసి, పొయ్యి పక్కన నేల మీద పెట్టిన కిరసనాయిలును రెండేళ్ల పిల్ల తాగేస్తుంది. పిల్ల ఒంటి మీదా, ఎత్తుకొచ్చిన తల్లి చీర మీదా ఒకటే వాసన. దారిలో ఎవరో ఉప్పునీళ్లు పట్టించి కక్కించే ప్రయత్నం చేసి ఉంటారు. కిరసనాయిలు తాగిన పిల్లని కక్కించకూడదు. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదకు వచ్చేది అప్పుడే. ఆ తల్లి వార్డులో అడుగుపెట్టగానే నలుగురూ అడిగేది మాత్రం ఒకటే. "పిల్లని వదిలేసి ఎటు పోయావమ్మా?" కేస్ షీటులో "ప్రమాదవశాత్తు" అని ఒక్క ముక్క రాస్తారు. సీసా ఎంత ఎత్తులో ఉంది, దానికి ఎలాంటి మూత ఉంది, ఆ వేళకి ఇంట్లో ఎవరెవరున్నారు అన్నవి రాయడానికి అందులో చోటే ఉండదు. బతికిన పిల్ల ఇంటికి వెళుతుంది. ఆ ఇంట్లో కిరసనాయిలు అదే సీసాలో, అదే మూల ఉంటుంది.

ఈ దేశంలో పిల్లల రక్షణకు చట్టాలు ఉన్నాయి, కమిషన్లు ఉన్నాయి, పథకాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగాన్ని మనం బిడ్డకు హాని జరిగాకే కదిలిస్తున్నాం. హాని జరగకముందే కదలగల అధికారం కూడా వాటిలోనే ఉంది. దాన్ని వాడేవాళ్లే తక్కువ. ఇవాళ మీ చేతికొచ్చిన పట్టా ఆ అధికారాన్ని వాడడానికేనని నా నమ్మకం.

బోరుబావుల సంగతే తీసుకోండి. 2006లో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లా హల్దాహేడీలో అయిదేళ్ల బాబు బోరుబావిలో పడితే, సైన్యం రెండు రోజులు శ్రమించి ప్రాణాలతో బయటికి తీసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. ఆ తర్వాత 2010లో సుప్రీంకోర్టు స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందు భూయజమాని అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తవ్వేచోట ముళ్లకంచె, హెచ్చరిక బోర్డు పెట్టాలి. కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. పైపు మూతిని ఇనుప పలకతో వెల్డింగ్ చేయాలి, లేదా బోల్టులతో బిగించాలి. నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టీ ఇసుకా రాళ్లతో పూడ్చేయాలి. ఇవన్నీ అమలయ్యేలా చూడవలసింది జిల్లా కలెక్టరు. మన దగ్గర అంతకన్నా ముందే, 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం వాల్టా చట్టం వచ్చింది. బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలని అది చెబుతుంది.

అయినా 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడలో రెండేళ్లు నిండని పాప బోరుబావిలో పడి చనిపోయింది. 2020 మే నెలలో మెదక్ జిల్లా పోడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు పోయాడు. ఆ బోరు వేసింది ఆ రోజే. నీళ్లు పడలేదని అలాగే వదిలేశారు, సాయంత్రానికి పిల్లవాడు అందులో ఉన్నాడు. ఎందుకు వదిలేస్తారో రైతుల ఇళ్లలో పుట్టిన మీకు నేను చెప్పనక్కర్లేదు. బోరు ఎండిపోయేసరికే చేతిలో డబ్బు అయిపోయి, అప్పు మిగిలి ఉంటుంది. కేసింగ్ పైపు ఖరీదైనది, దాన్ని పీకి ఇంకో బోరుకు వాడుకుంటారు. పైన ఒక గోనెసంచి కప్పి, రాయి పెట్టి ఇంటికి పోతారు. ఇందులో దుర్మార్గం లేదు, నిస్సహాయత ఉంది. కాబట్టి కేసు పెట్టడంతో ఆగితే లాభం లేదు. రిగ్గు ఊరు దాటకముందే ఎండిన బోరు పూడ్చి తీరాలనే షరతు, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చే ఏర్పాటు కావాలి. ఈ షరతు పెట్టించడం సహాయక బృందాలు చేసే పని కాదు. అది మీలాంటివాళ్ల పని.

నీళ్లలో మునిగి చనిపోయే పిల్లల గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పసివాళ్లు. మన ఊళ్లలో ఇవి ఎక్కడ జరుగుతాయో మీకు తెలుసు. చెరువు, కుంట, దిగుడుబావి, కాలువ, ఈ మధ్య కొత్తగా పొలాల్లో తవ్విన నీటికుంటలు. ఇల్లు కట్టేవాళ్లు సిమెంటు తడపడానికి నింపుకున్న తొట్టి కూడా పసిబిడ్డకు సరిపోతుంది. బంగ్లాదేశ్ పరిశోధకులు ఈ మరణాలు ఏ వేళ జరుగుతున్నాయని ఊరూరా లెక్క తీశారు. ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ నడుమ ఎక్కువని తేలింది. తల్లి వంటలో, ఇంటి పనిలో, పొలంలో మునిగి ఉండే వేళ అది. వాళ్లు ఆ గంటల్లోనే ఊళ్లో పిల్లల్ని చూసుకునే చిన్న కేంద్రాలు తెరిచారు. ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి నడిపించారు. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో మునిగి చనిపోవడం చాలా తగ్గిపోయింది. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేకపోయింది.

మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) వల్ల అంగన్‌వాడీ దాదాపు ప్రతి ఊరికీ వచ్చింది. బంగ్లాదేశ్ కొత్తగా కట్టుకున్నది మనకు ఎప్పటినుంచో ఉంది. కానీ అందులో కూర్చునేది ఎక్కువగా మూడేళ్లు దాటిన పిల్లలు. మూడేళ్లలోపు బిడ్డకు పోషకాహారం ఇంటికి ఇచ్చి పంపేస్తాం. నడక వచ్చి, నీళ్ల తొట్టి దాకా పాకగలిగి, ప్రమాదం మాత్రం తెలియని వయసు సరిగ్గా అదే. బిడ్డకు తిండి అందుతోంది, కాపలా అందడం లేదు. ఈ లోటు పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద పాల్నా పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల కోసం అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడపడానికి అది వీలు కల్పిస్తుంది. నా అభిప్రాయంలో పసిపిల్లల ప్రాణరక్షణకు దేశం చేతిలో ఉన్న అతి గొప్ప సాధనం ఇదే. ఆసుపత్రిలో నేను వెంటిలేటరుతో చేయలేనిది, ఉదయం తొమ్మిది గంటలకు తలుపు తెరిచే ఒక ఆయమ్మ చేయగలదు. వరినాట్లు, పత్తి ఏరుడు రోజుల్లో మీ మండలంలో ఏ ఊరి పిల్లలు గట్ల మీద ఆడుకుంటున్నారో చూసి, ఆ ఊళ్లకు ఇలాంటి కేంద్రం అడగండి.

ఇక్కడ తల్లుల గురించి ఒక మాట. పసిబిడ్డకు ఏం జరిగినా మనం ముందు తల్లిని నిలదీస్తాం. 1970ల మొదట్లో న్యూయార్క్ నగరంలో మేడల కిటికీల్లోంచి పిల్లలు పడిపోతుంటే, అక్కడి ఆరోగ్య శాఖ తల్లుల్ని తిడుతూ కూర్చోలేదు. ఇంటింటికీ వెళ్లి కిటికీలకు కటకటాలు ఉచితంగా ఇచ్చింది. 1976లో, పదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు కిటికీ కటకటాలు పెట్టే బాధ్యతను ఇంటి యజమానుల మీద మోపింది. పిల్లలు పడిపోవడం తగ్గింది. తల్లి ఇరవై నాలుగు గంటలూ కన్నార్పకుండా ఉండలేదు, కటకటం ఉండగలదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పది అంతస్తులు, ముప్పై అంతస్తులు లేస్తున్న ఈ రోజుల్లో బాల్కనీ ఊచల మధ్య ఎంత సందు ఉందో కొలిచి చూసే వాళ్లు కావాలి.

స్కూటర్ల విషయం మీకు తెలిసిందే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన ఉంది. బడి గేటు ముందు అయిదు నిమిషాలు నిలబడితే దాని అమలు ఎంతో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో రకం గాయం గురించి. అది చేసేవాళ్లు మనుషులు. 1996లో ముంబైలో ఆపదలో ఉన్న పిల్లల కోసం మొదలైన 1098 ఫోన్ సేవ చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా నడిచింది. 2023 నుంచి బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వచ్చి, అత్యవసర నంబరు 112తో కలిసింది. ఈ మార్పు వల్ల జిల్లా బాలల సంరక్షణ విభాగంలో చేరే ప్రతి ఒక్కరి బాధ్యతా పెరిగింది. ఆ ఫోన్ మోగితే వెళ్లవలసింది మీరే. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఆదరణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి, చేయకపోవడమే నేరం. బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. అత్యవసర వైద్యం కోసం వచ్చిన బిడ్డను కాగితాలు తెమ్మని అడిగే హక్కు ఏ డాక్టరుకీ లేదు. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్ అన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. జరిగింది పది గదుల్లో పది మందికి చెప్పుకునే బాధ ఆ బిడ్డకు తప్పాలన్నదే దాని ఉద్దేశం.

ఇవి మంచి చట్టాలు. వీటిని కంఠతా పట్టండి. అయితే ఇవి కూడా గాయం తర్వాతివే.

ముందే చేరుకోవడం ఎలాగో మన తెలుగు నేల మీద ఒకరు చేసి చూపించారు. ఆచార్య శాంతా సిన్హా గారు, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా ఊళ్లలో బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అని గీతలు గీయడానికి ఒప్పుకోలేదు. పిల్లవాడు పత్తి చేలో పురుగుమందు పీల్చి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, అతణ్ని బడిలో కూర్చోబెట్టారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు గాజుల కార్ఖానాల నుంచీ ఇటుక బట్టీల నుంచీ పిల్లల్ని విడిపిస్తారు. మంచిదే. కానీ బిహార్ నుంచి గాజుల పనికి వచ్చిన బాబు ఇంటికి చేరాక ఏ బడిలో చేరాడో, మళ్లీ రైలెక్కాడో కనుక్కునే మనిషి లేకపోతే, వచ్చే జనవరిలో ఇంకో గదిలో అతనే దొరుకుతాడు.

ఒక విషయం నన్ను చాలా బాధపెడుతుంది. గాయాల నివారణ వైద్య శాఖ చూసుకుంటుంది, బాలల సంరక్షణ మహిళా శిశు సంక్షేమ శాఖ చూసుకుంటుంది, బోరుబావులు రెవెన్యూ వాళ్లు, హెల్మెట్లు రవాణా శాఖ వాళ్లు చూసుకుంటారు. బిడ్డ మాత్రం ఒక్కటే. కాలిన గాయాలతో వచ్చిన పిల్లకు అన్నం వండే పని ఎందుకు పడిందని అడగవలసింది సామాజిక కార్యకర్త. బాలల సంరక్షణ కేసులో ఉన్న బాబు చేతి మీద పాత కాలిన మచ్చలు చూడవలసింది నర్సు. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చదవాలి. ఈ వేదిక మీద పక్కపక్కన నిలబడి పట్టాలు తీసుకున్న మీకు ఆ వీలుంది. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉంచుకోండి.

మీలో కొందరు త్వరలోనే ఏదో ఒక జిల్లాలో ఉద్యోగంలో చేరతారు. మొదటి నెలలోనే మూడు పనులు చేయండి. మండలంలో నీళ్లు పడని బోర్ల జాబితా ఊరి వారీగా రాయించి తహసీల్దారు గారికి రసీదు తీసుకుని ఇవ్వండి. సర్పంచ్ అధ్యక్షతన ఉండవలసిన గ్రామ బాలల సంరక్షణ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మినిట్స్ పుస్తకం అడగండి. పుస్తకం లేకపోతే ఆ రోజే కొని, మొదటి సమావేశం పెట్టించండి. ఆసుపత్రికి వచ్చే ప్రతి గాయపడిన బిడ్డ గురించి, గాయం ఎక్కడ, ఏ వేళ, దేనివల్ల జరిగిందో ఒక రిజిస్టరు మొదలుపెట్టండి. ఏడాది తిరిగేసరికి ఆ రిజిస్టరు చూపించి మీరు ఏ కలెక్టరు దగ్గరైనా కూర్చుని మాట్లాడగలరు. రిజిస్టరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.