వెబ్‌సైటున దారిచూపు పట్టిక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో గ్రంథాలయము నడచుట సామాన్య విషయము కాదు. ఈ శుభసమయమున మీ కార్యవర్గమువారు గ్రంథాలయమునకు ఒక వెబ్‌సైటు నిర్మింపదలచి, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. రంగులను గూర్చి, బొమ్మలను గూర్చి మన పిల్లలకే నాకన్న బాగుగా తెలియును. నేనొక్క విషయమునే విన్నవింతును. ప్రతి పుటకు పైభాగమున నుండు దారిచూపు పట్టిక, అనగా మెనూ, ఏ పుటలో నిలిచి నొక్కినను పాఠకుని సరియైన చోటికి చేర్చవలెను.

1931లో రంగనాథన్ గారు ప్రకటించిన పంచసూత్రములు గ్రంథాలయ కార్యకర్తలకు సుపరిచితములు. పాఠకుని కాలమును వృథా కానీయరాదనుట అందు నాలుగవది. బీరువాకు అంటించిన చీటీ తప్పైనచో లోపలి పుస్తకము ఉండియు లేనట్లే. వెబ్‌సైటునందును అంతియే.

పుటలు పెరిగినకొలది వానిని ఫోల్డర్లలో సర్దుదుము. ఫోల్డరనగా బీరువాలోని అరవంటిది. మీ వెబ్‌సైటులో మొదటి పుట అన్నింటికి పైన నున్నదనుకొనుడు. దాని క్రింద ‘పుస్తకములు’ అను ఫోల్డరొకటి, ‘క్షేత్రములు’ అను ఫోల్డరొకటి కలవు. ‘క్షేత్రముల’ లోపల ‘అహోబిలము’ అను మరియొక ఫోల్డరు కలదు. మొదటి పుటయందలి మెనూలో ‘పుస్తకములు ఫోల్డరులోని జాబితా’ అని త్రోవ వ్రాసితిరి. అది చక్కగా పనిచేసినది. ఆ మెనూనే అహోబిలపు పుటలోనికి ఎత్తి వ్రాసితిరి. ఇప్పుడు లింకు నొక్కినచో కంప్యూటరు ఆ పుస్తకముల ఫోల్డరును అహోబిలము ఫోల్డరు లోపల వెదకును. అచ్చట అది లేదు. 404 అను అంకెతో ‘పుట దొరకలేదు’ అను సమాధానము వచ్చును.

ఇట్లేల జరిగినది? మన రహదారినే ఉదాహరణముగా గైకొందము. ఆళ్ళగడ్డ నంద్యాలకు దక్షిణమున నున్నది. ‘ఆళ్ళగడ్డకు దక్షిణముగా పొండు’ అని నంద్యాలలో ఒక పలక నాటినచో అది సత్యమే. ఆ పలకనే పెరికి తెచ్చి ఆళ్ళగడ్డకు దిగువన నాటినచో, దానిని నమ్మిన బాటసారి చాగలమర్రి మీదుగా మైదుకూరు చేరును. పలకపై ఒక్క అక్షరమైనను మారలేదు. మారినది అది నిలిచిన చోటు. నిలిచిన చోటినుండి లెక్కించు త్రోవను సాపేక్షమైన త్రోవ యందురు.

దీనికి మూడు ఉపాయములు కలవు.

మొదటిది, మెట్లెక్కుట. త్రోవలో రెండు చుక్కలుంచి ఒక వాలుగీత గీచినచో ‘ఒక ఫోల్డరు పైకెక్కుము’ అని యర్థము. అహోబిలపు పుటనుండి రెండుమార్లు పైకెక్కి, పిదప పుస్తకముల ఫోల్డరులోనికి దిగవలెను. ఈ నియమములను 1995 జూన్‌లో రాయ్ ఫీల్డింగ్ రచించిన పత్రము వివరించెను. 2005 జనవరిలో వెలువడిన పత్రము వానిని స్థిరపరచెను. ఐతే, ఒక్కొక్క లోతునకు ఒక్కొక్క మెనూ వ్రాయవలెను. పుటను వేరొక ఫోల్డరునకు మార్చినచో త్రోవలన్నియు చెడును.

రెండవది, మొదటినుండి లెక్కించుట. త్రోవకు ముందు ఒక వాలుగీత నుంచినచో, ఏ పుటలో నున్నను కంప్యూటరు వెబ్‌సైటు శిఖరమునుండియే నడచును. మెనూ అన్ని పుటలలో నొక్కటిగానే యుండును. సొంత పేరు గల వెబ్‌సైటునకు ఇదియే సులభము. కాని రెండు చోట్ల ఇది పనికిరాదు. ఇతరుల వెబ్‌సైటులో ఒక ఫోల్డరునందు మనకు చోటిచ్చినచో, శిఖరము వారిదే కాని మనది కాదు. అప్పుడు ఆ ఫోల్డరు పేరును ముందు చేర్చవలెను. ఇక పెన్‌డ్రైవులో పుటలనుంచి నెట్టు లేని బడిలో తెరచినచో, ఆ వాలుగీత మన వెబ్‌సైటును కాక డిస్కు శిఖరమును చూపును. అట్టి ప్రతికి మెట్లెక్కు పద్ధతియే తగినది.

మూడవది, ‘బేస్’ అను గుర్తు. పుట ఆరంభమున దీనినుంచినచో సాపేక్షమైన త్రోవలన్నియు అచ్చటినుండియే లెక్కింపబడును. కాని అదే పుటలో క్రిందికి దూకు లింకులును దానినే అనుసరించి వేరొక పుటకు పోవును. కావున దీనిని ఆలోచించి వాడవలెను.

ఉపాయమేదైనను, మెనూను ఒక్కచోటనే వ్రాసియుంచుడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ‘కర్నూలు జిల్లా’ అని యున్న పలకలను, ముద్రలను వేరువేరుగా దిద్దవలసివచ్చుట మీకు తెలిసినదే. ప్రతి పుటలో మెనూను చేతితో వ్రాసినచో అదే శ్రమ. సర్వరు మెనూను ఒక ఫైలునుండి తెచ్చి ప్రతి పుటలో చేర్చునట్లు ఏర్పాటు చేయవచ్చును. లేదా పుటలను ముందే కూర్చి యిచ్చు ప్రోగ్రాము వాడవచ్చును. అట్టి ప్రోగ్రాము ఎన్ని మెట్లెక్కవలెనో తానే లెక్కించునట్లు అమర్చుకొనవచ్చును గనుక, పెన్‌డ్రైవు ప్రతికిని అది అనుకూలము.

ఫోల్డర్ల పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరములలోనే వ్రాయుడు. మన ఇంటి కంప్యూటరు పెద్ద అక్షరమును, చిన్న అక్షరమును ఒక్కటిగా నెంచినను, అనేక సర్వరులు అట్లెంచవు. పని ముగిసినపిదప మొదటి పుటనుండి మాత్రమే పరీక్షింపక, అన్నింటికన్న లోతైన పుటను తెరచి మెనూలోని ప్రతి లింకును నొక్కి చూడుడు.

ఇంత శ్రమ యేల యందురా? మన గ్రంథాలయమునకు వచ్చువారందరును వాకిలి గుండానే వత్తురు. వెబ్‌సైటునకు అట్లు కాదు. ఆళ్ళగడ్డ శిల్పుల రాతిపనిని గూర్చి గూగులులో వెదకు తెలుగువాడు, అమెరికాలో నున్నను, తిన్నగా మీ లోపలి పుటలోనే దిగును. మొదటి పుటను అతడు చూచియే యుండడు. మీరు వ్రాసియుంచిన పెద్దల జ్ఞాపకములు, ఊరి చరిత్ర, పుస్తకముల జాబితా, అన్నింటికిని అతనికి ఆ మెనూయే ద్వారము. ఆ ద్వారము తెరువనిచో, ఇచ్చట నున్నది ఈ ఒక్క పుటయే కాబోలునని తలచి వెడలిపోవును. మనము కూర్చిన ధనము మన కంప్యూటరులోనే మిగులును.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినవారు పుస్తకము ప్రజల కందవలెనని పాటుపడిరి. ఇప్పుడు అందించు సాధనము మారినదే కాని, పని మారలేదు. మీ గ్రంథాలయము స్వర్ణోత్సవమునకును ఇట్లే పాఠకులతో కళకళలాడుగాక!