హోలోదొమోర్: ఆనాటి కరువు, ఈనాటి యుద్ధం

1932-33లో సోవియట్ ఉక్రెయిన్‌లో తిండి లేక చనిపోయినవారు సుమారు 35 నుంచి 40 లక్షల మంది అని చాలామంది పరిశోధకుల అంచనా. హోలోదొమోర్ అనే ఈ కరువుకు ప్రధాన కారణం స్టాలిన్ ప్రభుత్వ విధానాలే. రైతుల భూములను, పశువులను సామూహిక క్షేత్రాల్లో కలిపేశారు. దిగుబడి పడిపోయినా ధాన్యం వసూళ్లు ఆపలేదు. కోటా చెల్లించని ఊళ్లను నల్లజాబితాలో పెట్టి సరుకులు అందకుండా చేశారు. సోదా బృందాలు ఇంటింటికీ తిరిగి దాచుకున్న గింజలను పట్టుకుపోయాయి. 1932 ఆగస్టు 7 నాటి చట్టంతో సామూహిక పొలంలో నాలుగు వెన్నులు ఏరుకోవడమూ నేరమైంది. దానికి మరణశిక్ష లేదా పదేళ్ల ఖైదు. 1933 జనవరిలో రైతులు తిండి కోసం ఉక్రెయిన్ దాటిపోకుండా ఆంక్షలు విధించారు. అయినా ధాన్యం ఎగుమతి సాగుతూనే ఉంది.

సోవియట్ ప్రభుత్వం దశాబ్దాలపాటు ఈ కరువు మాటే ఎత్తనివ్వలేదు. 2006లో ఉక్రెయిన్ పార్లమెంటు దీన్ని జాతి నిర్మూలనగా ప్రకటించింది. రష్యా ఒప్పుకోదు, చరిత్రకారుల్లోనూ భిన్నాభిప్రాయాలున్నాయి.

ఉక్రెయిన్‌లో ఏటా నవంబరు నాలుగో శనివారం హోలోదొమోర్ స్మృతిదినం. ఆ సాయంత్రం ఇళ్ల కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు. కీవ్ స్మారకం దగ్గర గోధుమ వెన్నులు పట్టుకున్న బక్కచిక్కిన బాలిక విగ్రహం ఉంది.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడి తర్వాత ఈ స్మరణకు ప్రాధాన్యం పెరిగింది. ఆ అక్టోబరులో రష్యా ఆక్రమించిన మరియుపోల్ నగరంలో కరువు స్మారకాన్ని తొలగించారు. నవంబరు 26న, స్మృతిదినం నాడే, పేద దేశాలకు ధాన్యం పంపే పథకాన్ని ఉక్రెయిన్ ప్రారంభించింది. నవంబరు 30న జర్మనీ పార్లమెంటు, డిసెంబరు 15న యూరోపియన్ పార్లమెంటు ఈ కరువును జాతి నిర్మూలనగా గుర్తించాయి. 2023 స్మృతిదినం తెల్లవారుజామున కీవ్‌పై పదుల సంఖ్యలో రష్యా డ్రోన్లు దాడి చేశాయి. అయినా సంస్మరణ ఆగలేదు.