పిల్లవాడి ఫైలు కూడా సహాయమే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ ఏటా పిల్లలకు నోటుపుస్తకాలు, ఫీజులు ఇస్తోంది. ఈ రోజు నేను ఇంకొక ఖర్చు అడగడానికి నిలబడ్డాను. అది కాగితాల ఖర్చు.

కొన్నేళ్ల కింద నా తరగతిలో ఒక బాబు ఉండేవాడు. కూర్చున్న చోట ఉండడు. లెక్క సగంలో వదిలేస్తాడు. రోజూ పెన్సిల్ పోగొట్టుకుంటాడు. ప్రోగ్రెస్ కార్డులో నేను ప్రతిసారీ ఒకే మాట రాశాను: ‘శ్రద్ధ లేదు’. పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకొని వాళ్ల అమ్మీ పట్నం తీసుకుపోయింది. డాక్టరు కార్డు చూసి, ‘ఏ పనిలో శ్రద్ధ లేదు? ఎప్పటినుంచి?’ అని అడిగారట. ఆమెకు చెప్పడం రాలేదు. నా కార్డులోనూ లేదు. చీటీ మీద ‘ప్రవర్తన సమస్య’ అని రాసి పంపారు. మరుసటి ఏడు ఇంకొక డాక్టరు మళ్లీ మొదటినుంచి అడిగారు. ఆమె విసిగిపోయింది. బాబు ఏడో తరగతిలో బడి మానేశాడు. ఇందులో నా తప్పు ఉంది.

ఏడీహెచ్‌డీ అనే ఈ సమస్యను రక్తపరీక్ష, స్కానింగ్ తేల్చవు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, పన్నెండేళ్ల లోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అని డాక్టర్లు చూస్తారు. బడి సంగతి టీచరు రాసివ్వాలి. ఇప్పుడు నేను ఇలా రాస్తున్నాను: ‘పది లెక్కల్లో నాలుగు చేసి లేస్తాడు. పక్కన కూర్చుంటే పదీ చేస్తాడు. జూన్ నుంచి ఇదే తీరు.’ చెవి సరిగా వినపడని పిల్లవాడు కూడా శ్రద్ధ లేనట్టే కనిపిస్తాడు. అందుకే ముందు చెవి, కంటి పరీక్షలు చేయించి ఆ రిపోర్టులు జతచేయాలి.

ఇక కోడ్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదో కూర్పులో ఇది ఎఫ్ 90 కింద ఉంది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో 6ఎ05. చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడని సమస్యకు పదో కూర్పులో ఎఫ్ 81. చాలామంది పిల్లల్లో రెండూ కలిసి ఉంటాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో లర్నింగ్ డిజెబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందువల్ల రెండూ ఉన్న బిడ్డకు ఒకటే రాస్తే, సర్టిఫికెట్, పరీక్షలో అదనపు సమయం చేజారవచ్చు. చీటీలో అన్నీ రాశారా అని అడగడం మన హక్కు.

‘పిచ్చి అని ముద్ర పడుతుందేమో’ అని తల్లులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. ఫైలు తల్లి దగ్గరే ఉండాలి. స్టాఫ్‌రూంలో దాని ముచ్చట రాకూడదు.

ఖురాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్, సూరా బఖరాలో 282వది, అప్పును రాసిపెట్టుకోవడం గురించినది. డబ్బు విషయంలోనే రాతకు అంత విలువ ఉంటే, బిడ్డ విషయంలో ఎంత ఉండాలి?

ఈ ఏడు నా తరగతిలో అలాంటి పిల్లలు ఇద్దరున్నారు. బోథ్ నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు తల్లీబిడ్డల బస్సు కిరాయి, పోయిన కూలి, జిరాక్సులు, ఒక ఫైలు. ఇంతే నేను అడిగేది. రాసే పని మా టీచర్లది.