రాచపుండును వెదకు సూదంటురాయి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ యుత్సవమున భారతముమీదనో భాగవతముమీదనో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేనును అందులకే సిద్ధపడితిని. కాని ఈ సంవత్సరము మా యింట జరిగిన సంగతి యొకటి నా మనస్సును వేరొకవైపునకు త్రిప్పినది. అందుచేత నేడు స్త్రీల రొమ్మునకు వచ్చు రాచపుండును గూర్చియు, దానిని కనిపెట్టు ఎమ్.ఆర్.ఐ. పరీక్షను గూర్చియు మాటలాడ సాహసించుచున్నాను. నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. చదివి తెలిసికొన్నదానిని జమాఖర్చుల రీతిగా మీ ముందుంచెదను. స్త్రీలు కూర్చున్న సభలో ఈ ప్రస్తావన తగునా యని కొందరికి తోచవచ్చును. ఆ సంకోచమే మా అక్కగారికి కీడు చేసినది. కావున నేను వెనుదీయను.

మా అక్కగారికి చంక దాపున రేగుగింజంత గడ్డ చేతికి తగిలినది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లగునని యామె ఎనిమిది నెలలు ఎవరితోను చెప్పలేదు. కోడలితో చెప్పునప్పటికి అది నిమ్మకాయంత అయినది. పట్టణములో శస్త్రచికిత్స జరిగినది, మందులును జరుగుచున్నవి, ఆమె మెల్లమెల్లగా తేరుకొనుచున్నది. ఆసుపత్రి వసారాలో మా మేనల్లుడు నన్ను పట్టుకొని, "మామయ్యా, అమ్మను ముందే ఆ ఎమ్.ఆర్.ఐ. మిషనులో చూపించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు గదా!" అని కంటతడి పెట్టెను. వాని ప్రశ్నకు సమాధానము వెదకుచు చదివినదే ఈ ప్రసంగము.

ఈ యంత్రము పనిచేయు తీరు విచిత్రమైనది. మన దేహములోని నీటియందును క్రొవ్వునందును ఉదజని పరమాణువులు లెక్కకు మించియున్నవి. ఒక్కొక్కదాని కేంద్రకము ఒక చిన్న సూదంటురాయివంటిది. 1.5 టెస్లాల బలముగల అయస్కాంతము, అనగా భూమి అయస్కాంతశక్తికి దాదాపు 30,000 రెట్లు బలమైనది, వానిని ఒక వరుసకు తెచ్చును. పిదప రేడియో తరంగములతో వానిని కదల్పగా, అవి తిరిగి తమ స్థితికి వచ్చుచు సన్నని సంకేతముల నిచ్చును. ఆ సంకేతములను కంప్యూటరు బొమ్మలుగా కూర్చును. ఇందులో ఎక్సురే కిరణములు లేవు. గడ్డల కణజాలము ఆరోగ్యవంతమైన కణజాలమునకు భిన్నముగా స్పందించునని 1971లో అమెరికాలో రేమండ్ డమాడియన్ ప్రకటించెను. 1973లో పాల్ లాటర్‌బర్ బొమ్మ తీయు మార్గమును చూపెను. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డు దానిని వృద్ధిచేసెను. 2003లో నోబెల్ బహుమానము ఈ తుది యిద్దరికే వచ్చెను. డమాడియన్ తనకు అన్యాయము జరిగినదని పత్రికలలో పూర్తి పుటల ప్రకటనలు వేయించెను.

రొమ్ము పరీక్షకు రోగిని బోర్ల పరుండబెట్టుదురు. గెడోలినియమను లోహముతో చేసిన మందును నరములోనికి ఎక్కించుదురు. రాచపుండు తన పోషణకు క్రొత్త రక్తనాళములను పెంచుకొనును. అవి కారు గొట్టములవంటివి. వానినుండి మందు గడ్డలోనికి త్వరగా చేరి, తరచుగా త్వరగానే వెడలును. ఆ రాకపోకలను నిమిషనిమిషమునకు తీసిన బొమ్మలు పట్టి యిచ్చును. లోపల చప్పుడు మెండు. లోహపు వస్తువు లేవియు ఒంటిమీద ఉండరాదు. గాజులు, మెట్టెలు, మంగళసూత్రము సైతము తీసి రావలయును. ఇది యంత్రధర్మమే గాని అపశకునము గాదని మన యాడవారికి ముందుగా చెప్పుట మంచిది. గుండెలో యంత్రము అమర్చుకొన్నవారును, మూత్రపిండముల వ్యాధిగలవారును, గర్భవతులును ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపవలయును.

మామోగ్రఫీ యను ఎక్సురే పరీక్ష ఉండగా ఇది యేల? మామోగ్రఫీలో క్రొవ్వు నల్లగాను, పాలగ్రంథుల కణజాలము తెల్లగాను కనబడును. రాచపుండును తెల్లనిదే. గ్రంథులు దట్టముగా ఉన్నవారిలో, ముఖ్యముగా చిన్నవయస్సు స్త్రీలలో, అది ప్రత్తికుప్పలో తెల్లరాయివలె దాగియుండును.

ఇక జమాఖర్చులు. వంశమునుబట్టి అపాయము హెచ్చుగాగల 1,909 మంది స్త్రీలను హాలండులో పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. పాకజొచ్చిన రాచపుండ్లలో నూటికి 18 మాత్రమే చేతి పరీక్షకు దొరికినవి, మామోగ్రఫీకి 33, ఎమ్.ఆర్.ఐ.కి దాదాపు 80. అయినను పాలనాళములు దాటని తొలిదశను మామోగ్రఫీయే మేలుగా పట్టినది. అందుచే ఒకదానిని మాని యొకటి కాదు, రెండును కావలయును.

ఆ దేశముననే దట్టమైన గ్రంథులుగల, 50 మొదలు 75 ఏండ్లలోపు స్త్రీలు 40,373 మందితో జరిగిన మరియొక పరిశోధన 2019లో వెలువడినది. మామోగ్రఫీలో ఏమియు కనబడనివారిలో కొందరిని ఎమ్.ఆర్.ఐ.కి పిలిచిరి. ఒక పరీక్షకును మరియొక పరీక్షకును నడుమ బయటపడు రాచపుండ్లు, పిలువనివారిలో వేయింటికి 5 కాగా, పిలిచినవారిలో 2.5 మాత్రమే. పిలిచినవారిలో నూటికి 59 మందే వచ్చిరి. వచ్చినవారిలో అట్టివి వేయింటికి 0.8 మాత్రమే. ఇది జమ.

ఖర్చు పద్దు కూడ చూడవలయును. పరీక్ష చేయించుకొన్న వేయిమందిలో దాదాపు 16 మందికి రాచపుండు దొరకగా, దాదాపు 80 మంది అది లేకయే అనుమానమునకు గురియై మరల పరీక్షలకు పోవలసివచ్చినది. ఆ దినముల దిగులును ఏ చిట్టాలో వ్రాయగలము? మరియు ఆ పరిశోధన లెక్కించినది నడుమ బయటపడిన రాచపుండ్లనే గాని తప్పిన మరణములను గాదు. ఒక ప్రక్క పద్దు చదివి మురియువాడు మంచి లెక్కగాడు గాడు.

కనుక ఈ పరీక్ష అందరికిని గాదు. జీవితకాలములో ఈ వ్యాధి వచ్చు అపాయము నూటికి 20, అంతకు మించి ఉన్నవారు ఏటేట మామోగ్రఫీతోపాటు దీనిని చేయించుకొనవలయునని అమెరికను క్యాన్సరు సంఘము 2007లో సూచించినది. బి.ఆర్.సి.ఎ. అను జన్యువులలో దోషమును తల్లివలననో తండ్రివలననో పొందిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఈ వ్యాధి వచ్చును. మా అక్కగారి వైద్యురాలు, "మీ వంశములో ఇంకెవరికైన వచ్చినదా?" అని యడిగినది. అప్పుడు మాకు మా పిన్నమ్మ జ్ఞప్తికి వచ్చినది. నలుబది యేండ్లు నిండకయే రొమ్ముమీది పుండుతో ఆమె పోయినది. ఆ పుండు పేరును మా యింట ఎవరును పలుకలేదు. ఇప్పుడు అక్కగారి రక్తమును జన్యుపరీక్షకు పంపిరి. ఫలితము రావలసియున్నది. దోషమున్నదని తేలినచో ఆ యంత్రము అవసరము మా మేనకోడలికి రావచ్చును.

మేనల్లుని ప్రశ్నకు నా సమాధానమిది: నాయనా, మీ అమ్మ గడ్డను కనుగొనుటకు అంత పెద్ద అయస్కాంతము అక్కరలేకపోయెను. ఆమె చేయియే కనుగొన్నది. చెప్పుటకు నోరు రాలేదు, అంతియే. బొంబాయిలో 1998లో ప్రారంభమై, 1,51,538 మంది స్త్రీలతో జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్ల కొకమారు చేతితో పరీక్షించుటవలన రోగము ముందుదశలోనే పట్టుబడినది. ఏబదియేండ్లు దాటినవారిలో మరణములు నూటికి దాదాపు 30 వంతులు తగ్గినవి. అంతకంటె చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. చేతికిని హద్దు కలదు. అయినను మన యూరికి ముందుగా చేరగలది అదియే.

భారతమున భీష్మపర్వమునందు వ్యాసులవారు యుద్ధమును చూచుటకు దృష్టి నిచ్చెదనన్నను, బంధువుల చావును చూడలేనని ధృతరాష్ట్రుడు వలదనెను. ఆ చూపు సంజయునకు దక్కినది. రాజు చూడకపోయినంతమాత్రమున ఒక్క మరణమైనను ఆగలేదు. భయముచేత చూపును నిరాకరించుట మనకు నేటిది గాదు.

సోదరీమణులారా! గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి నెత్తురు కారినను, చంకలో బిళ్ళ కట్టినను ఆలసింపక చెప్పుడు. గడ్డలలో పెక్కు రాచపుండ్లు గావు. అది తేల్చవలసినది వైద్యులు. సోదరులారా! చెప్పినప్పుడు చీదరించుకొనక వినుడు. వంశములో ఎవరు ఏ వ్యాధితో పోయిరో వ్రాసి యుంచుడు. ఆస్తి దస్తావేజులను భద్రపరచుకొను మనకు ఇది భారము గాదు.

కార్యవర్గమువారికి ఒక మనవి. నెలకొక మధ్యాహ్నము ఈ గ్రంథాలయమును స్త్రీలకే విడిచి, ఆరోగ్య కేంద్రమునుండి నర్సమ్మగారిని పిలిపించి, మాటలాడుకొను అవకాశము కల్పింపుడు. తొలి సమావేశమునకు తాను వచ్చి తన కథ తానే చెప్పెదనని మా అక్కగారు నాతో ననినది. ఈ సంగతిని మీకు చెప్పుటకు ఆమెయే అనుమతి నిచ్చినది.